మనిషి బరువులో పదోవంతు

మా సంస్థ పేరు తూర్పు కనుమల కాలినడక ప్రోత్సాహక సంస్థ. జనాన్ని నడిపించడం మా పని. మొదట్లో మాకు ఇచ్చిన ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. రోజూ మెట్లెక్కడం సిబ్బంది ఆరోగ్యానికి మంచిది కాదని మా డైరెక్టరు ప్రభంజనరావు గారు ఏడాది పాటు పైకి కాగితాలు రాసి రాసి, కింద ఉన్న వృద్ధాప్య పింఛన్ల ఆఫీసును పైకి పంపించి, ఆ గదులు మాకు ఇప్పించారు. అప్పటినుంచీ పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళు మా కిటికీ పక్కనుంచే ఆయాసపడుతూ పైకి వెళుతుంటారు. ఆ లెక్కన చూసినా మేము కాలినడకను ప్రోత్సహిస్తూనే ఉన్నాం.

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు గురునాథం. నడకతో నాకు నేరుగా సంబంధం లేదు గానీ నడక ఫైలు నా చేతి మీదుగానే నడుస్తుంది. ఏ విషయానికైనా నోటు ఎలా రాయాలో నన్ను అడిగి రాసేవాళ్ళు జిల్లాలో చాలామంది ఉన్నారు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

ఏటా చలికాలంలో మేము కనుమ నడక జరుపుతాం. పట్నాల నుంచి ఉత్సాహవంతులు రుసుము కట్టి వస్తారు. వాళ్ళ వీపుకి మా సంచి తగిలించి, కొండల మీదుగా జాకరమెట్ట దాకా నడిపించి, అవతలి పక్కన దింపి, యోగ్యతాపత్రం చేతిలో పెట్టి పంపిస్తాం. దారి చూపించేది గెమ్మెలి చిన్నాలమ్మ. ఆవిడది మెట్ట దిగువన ఉన్న గూడెం. సన్నగా, చువ్వలా ఉంటుంది. చాలా ఏళ్ళుగా మా దగ్గర దినకూలీ మీద పనిచేస్తోంది. నడకల కాలం అయిపోగానే ఆవిడా, భర్త బొంజుబాబూ రాజమండ్రి అవతల ఇటుక బట్టీలకు వలస పోతారు. కూతురు కుమారిని కూడా వెంట తీసుకుపోక తప్పదు. ఆ పిల్ల చదువు ప్రతి ఏడూ సగంలో ఆగిపోతుంది, మరుసటి ఏడు మళ్ళీ అదే తరగతిలో మొదలవుతుంది.

ఈ ఏడు ఆ దారి చూపే పోస్టును పర్మినెంటు చేయడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. ఈసారి నడకలో మొదటినుంచి చివరిదాకా చిన్నాలమ్మ నిబంధనలన్నీ పాటించిందని మేము రాసివ్వాలి. నెల జీతం వస్తే బట్టీకి వెళ్ళక్కర్లేదు, పిల్ల బడి మానక్కర్లేదు. ఈ మాట ఆవిడ నా బల్ల దగ్గర నిలబడి చాలాసార్లు చెప్పింది. నిబంధనలు పాటించడం ఎంతసేపు, నేను చూసుకుంటాను అని నేనూ ప్రతిసారీ చెప్పాను.

అలాంటి సమయంలో సర్క్యులర్ వచ్చింది.

దాని వెనక ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు గారున్నారు. ఆయన కిందటేడు మాతో నడిచి వెళ్ళాక నడుము నిటారుగా నిలపలేక, వంగిన నడుముతోనే కూర్చుని పైవాళ్ళకు ఫిర్యాదు రాశారు. ఊరికే ఫిర్యాదు చేసి ఊరుకోకుండా, ఖర్చు లేకుండా సంచి బరువు ఎలా తగ్గించవచ్చో సూచనలు కూడా జత చేశారు. ఇత్తడి చెంబు బదులు మామూలు ప్లాస్టిక్ సీసా పెట్టుకోవచ్చనీ, నలుగురికి ఒక గిన్నె చాలుననీ, కంబళి బదులు దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా చలి ఆగుతుందనీ, సంస్థ చరిత్రను ఇంటి దగ్గరే చదువుకోవచ్చనీ రాశారు. పైవాళ్ళు ఆ సూచనలు పక్కన పెట్టి ఫిర్యాదు మాత్రం పట్టించుకున్నారు. ఆ సర్క్యులర్‌లోని ముఖ్యభాగం ఇది:

"నడకలో పాల్గొను ప్రతి వ్యక్తి వీపున ఉండు సంచి బరువు, సదరు వ్యక్తి శరీర బరువులో పదోవంతుకు మించరాదు. ఈ లక్ష్యమును ప్రభుత్వముపై ఎట్టి అదనపు ఆర్థిక భారము పడకుండా సాధించవలెను."

వెంటనే సమావేశం పెట్టాం. మా సంచిని బల్ల మీదకి ఎత్తించి, స్ప్రింగు త్రాసు కొక్కేనికి తగిలించి తూచాం. తొమ్మిది కిలోలు తూగింది. సంచి ఖాళీగా ఉన్నప్పుడే మూడు కిలోలు ఉంటుంది, ఎందుకంటే ఎప్పుడో తుఫాను సాయం కింద వచ్చి మిగిలిపోయిన టార్పాలిన్లతో అవి కుట్టించారు. లోపల మూతతో సహా ఇత్తడి చెంబు, గిన్నె, ఉన్ని కంబళి, గట్టి అట్టతో బైండు చేసిన సంస్థ చరిత్ర, డేరాల ఇనప మేకులు ఉంటాయి. డేరాలు ఎలకలు కొట్టేసి చాలా ఏళ్ళయింది గానీ మేకులు చెక్కుచెదరలేదు.

మేకులు తీసేద్దామా అని డైరెక్టరు గారు అడిగారు. మా పద్దుల అధికారి ఉపద్రష్ట లలితశంకరం గారు తల అడ్డంగా ఊపారు. ప్రతి వస్తువూ ఏదో ఒక ఉత్తర్వు మీద సంచిలోకి వచ్చిందనీ, ఉత్తర్వు లేకుండా బయటికి తీస్తే రేపు ఆడిట్‌లో మనమే సమాధానం చెప్పుకోవాలనీ అన్నారు. బ్యాంకు మేనేజరు గారి సూచనల సంగతి నేను కదిపాను. ఆయన సాంకేతిక నిపుణుడు కాదు, కేవలం మోసినవాడు అన్నారు లలితశంకరం గారు. దాంతో ఆ కాగితం మీద 'పరిశీలించడమైనది' అని రాసి కింద పెట్టేశాను.

కిటికీ పక్కనుంచి పింఛను ముసలమ్మ ఒకావిడ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు లలితశంకరం గారు గొంతు సవరించుకుని, మా సంస్థ చరిత్రలో నిలిచిపోయే మాట చెప్పారు.

"డైరెక్టరు గారూ, భిన్నం అన్నాక లవం ఉంటుంది, హారం ఉంటుంది. లవం తగ్గించడానికి మనకు నిధులూ లేవు, అధికారమూ లేదు. హారం పెంచడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు."

డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సంచి తొమ్మిది కిలోలే ఉండనిచ్చి మనిషిని తొంభై కిలోలు చేస్తే, సంచి తనంతట తానే పదోవంతు అవుతుంది. ఇంత చౌకైన ఉపాయం ఇంతకాలం ఎవరికీ తట్టకపోవడం నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించింది. 'సంచి బరువు తగ్గింపులో భాగముగా మనిషి బరువు పెంచుటకు సూత్రప్రాయముగా ఆమోదించడమైనది' అని అక్కడికక్కడే రాసి సంతకాలు పెట్టించాను.

ఎంపికల రోజున ఆవరణలో కాటా పెట్టాం. మొదట వచ్చినవాడు విశాఖపట్నం కుర్రవాడు. పరుగు పందేల్లో పతకాలు తెచ్చుకున్నాడట. మా సంచిని ఒంటి చేత్తో ఎత్తి భుజానికి వేసుకుని ఆవరణ చుట్టూ పరిగెత్తి వచ్చి, ఆయాసం లేకుండా నిలబడ్డాడు. తూస్తే అరవై రెండు. మీవంటి వారిపై సంచి భారం ఎక్కువ పడుతుందనీ, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యమనీ డైరెక్టరు గారు ఓపిగ్గా నచ్చచెప్పారు. వాడు వినకుండా సంచితో ఇంకో చుట్టు పరిగెత్తాడు. 'ధిక్కార ధోరణి' అని పేరు పక్కన రాసి పంపించేశాం.

అటు తరవాత అనకాపల్లి బెల్లం వర్తకులు కాండ్రేగుల సింహాద్రప్పడు గారు వచ్చారు. ఆయన రావడం వాళ్ళ మేనల్లుణ్ణి దించి వెళ్ళడానికే. ఎండగా ఉందని కాసేపు కాటా మీద కూర్చున్నారు. ముల్లు నూట ముప్ఫై దగ్గర ఆగింది. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నారు. నేను జన్మలో కొండెక్కలేదు నాయనా అని ఆయన మొత్తుకున్నారు గానీ, శాస్త్రీయంగా చూస్తే ఈ సంచి మీకు బరువే కాదని మేమందరం చెప్పేసరికి ఆయనకీ కొంచెం నమ్మకం కుదిరింది. మేనల్లుడు యాభై ఎనిమిది కిలోలే ఉండడంతో బస్సులో వెనక్కి వెళ్ళిపోయాడు.

తొంభైకి తక్కువగా ఉన్నవాళ్ళ కోసం పుష్టి శిబిరం తెరిచాం. సింహాద్రప్పడు గారు బెల్లం విరాళం ఇచ్చారు. పూర్ణాలు, పెసరపప్పు, నెయ్యి ధారాళంగా వడ్డించాం. శిబిరంలో వ్యాయామం నిషేధించాం. ఆవరణలో వేగంగా నడిచినవాళ్ళకు హెచ్చరికలు ఇచ్చాం. అలా పెంచిన పుష్టి నడకలో తరిగిపోకుండా సంచిలో అదనంగా కిలో బరువు బెల్లపు ఉండలు పెట్టాలని లలితశంకరం గారు సూచించారు. పెట్టాం. దాంతో సంచి పది కిలోలయింది. దాంతో మనిషి వంద కిలోలు కావలసి వచ్చింది. అప్పటిదాకా ధీమాగా ఉన్న నేను రెండు కిలోలు తక్కువై నేరుగా శిబిరం పంక్తిలోకి వెళ్ళాను. మూడు పూటలా ప్రభుత్వ విధిగానే తిన్నాను.

చిన్నాలమ్మ దగ్గరే చిక్కొచ్చింది. దారి చూపేవాళ్ళ సంచిలో సంస్థ చరిత్రా, మేకులూ, ఉండలూ ఉండవు కాబట్టి అది ఆరు కిలోలే. అయినా మనిషి అరవై ఉండాలి. ఆవిడ నలభై నాలుగు. తనకు తెలిసిన నిబంధనల్లో ఇదే అన్నిటికంటే మంచిదని సంబరపడుతూ ఆవిడ పంక్తిలో కూర్చుంది. పెట్టింది పెట్టినట్టు తిన్నది. సాయంత్రం కొండెక్కి గూడేనికి పోయి పొద్దున్నే దిగి వచ్చేది. వచ్చేసరికి మళ్ళీ నలభై నాలుగే. ఇల్లు ఎక్కి దిగడం వల్లే నష్టం జరుగుతోందని డైరెక్టరు గారు ఆవిడ ఇంటికి వెళ్ళడం మానిపించి, పిల్లతో సహా స్టోరు గదిలో బస ఇచ్చారు. మేకుల పెట్టెల మధ్య చాప వేసుకుని పడుకునేవాళ్ళు. కుమారి బుగ్గలు వచ్చి ముద్దుగా తయారైంది. కానీ ఆ పిల్ల పోస్టుకు దరఖాస్తు చేయలేదు.

"తింతన్నాను బాబూ. మీరు సూస్తనే ఉన్నారు కదండీ. నా ఒంటికే తెలీడం నేదు" అంది చిన్నాలమ్మ ఒకరోజు, కాటా దిగుతూ. ఆవిడ ముఖం చూస్తే నాకు బాధేసింది. తిండి తిని ఏడ్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

తుది తూకం రోజున ఆవిడ కాటా ఎక్కితే ముల్లు సరిగ్గా అరవై దగ్గర నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. దిగుతుంటే మాత్రం కొంగు ముడి ఊడి, ఒడిలోంచి ఏటి గుండ్రాళ్ళు టపటపా నేలమీద పడ్డాయి.

ఇంక ఆవిడ పని అయిపోయిందనే అనుకున్నాను. చిన్నాలమ్మ తల వంచుకుని రాళ్ళ మధ్య నిలబడిపోయింది. కానీ లలితశంకరం గారు కోప్పడలేదు. ఒక రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, సర్క్యులర్ తెప్పించుకుని మళ్ళీ చదివారు. శరీర బరువు అంటే ఏమిటో అందులో నిర్వచించలేదన్నారు. మనం చీరతో తూస్తున్నాం, గాజులతో తూస్తున్నాం, వాటిని శరీరం కాదని ఎవరూ అనలేదు కదా అని గుర్తు చేశారు. కాబట్టి శరీరాన్ని అంటిపెట్టుకుని ఉన్నదంతా శరీరమే అని తేల్చారు. డైరెక్టరు గారు దీన్ని మానవీయ కోణంలో ఆమోదిస్తున్నట్టు ప్రకటించారు.

ఆ రాళ్ళకు నేను దేహపూరక శిలలు అని పేరు పెట్టాను. మిగిలిన టార్పాలిన్‌తో నడుముకి కట్టుకునే పట్టీలు కుట్టించి, పదహారు కిలోల శిలలు అందులో పేర్చి, స్టాకు రిజిస్టరులో ప్రభుత్వ ఆస్తిగా రాసుకున్నాం. బరువు చాలని మిగతావాళ్ళకు కూడా వాళ్ళ వాళ్ళ లోటుకు తగ్గట్టు పట్టీలు ఇచ్చాం. సంచి తేలికయ్యేందుకు కట్టుకుంటున్నాం అనేసరికి అందరూ ఉత్సాహంగా కట్టుకున్నారు.

చిన్నాలమ్మ పట్టీ బిగించుకుని నాలుగడుగులు వేసి చూసుకుంది. తరవాత మెల్లగా అడిగింది. "మరి ఈ సంచి కూడా నడుంకే కట్టీసుకుంటే, ఇది కూడా నానే అయిపోద్ది కదండీ?"

"అలా కుదరదమ్మా. సంచి సంచే. దాని బరువు తగ్గించడానికే కదా మేమింత శ్రమ పడుతున్నది" అన్నారు డైరెక్టరు గారు వాత్సల్యంగా.

పోన్లెండి, పిల్లకి బడుంటాది అంది ఆవిడ.

నడక ఘనంగా మొదలైంది. జెండా ఊపే ముందు అందరి సంచులూ తూచి, ఒక్కటి కూడా పదోవంతు దాటలేదని మైకులో చెప్పాం. సంచి భారాన్ని నిర్మూలించిన మొదటి నడక బహుశా ఆసియా ఖండంలోనే ఇది అని డైరెక్టరు గారు ఉపన్యసించారు. ఆయన స్వయంగా నూట రెండు కిలోలు. ఫోటో కోసం కాసేపు ముందు నడుద్దామని బయల్దేరి, ఫోటోగ్రాఫరు ఎంతకీ ఆపమనకపోవడంతో కొండ మీదకి వచ్చేశారు. వివరాలు నమోదు చేసుకోవడానికి స్ప్రింగు త్రాసు పట్టుకుని నేనూ వెళ్ళాను.

మొదటి ఎత్తు దగ్గరే సింహాద్రప్పడు గారు ఒక బండ చూసుకుని కూర్చున్నారు. మీరు అవతల దిగాక కబురు పెట్టండి, నేనిక్కడే ఉంటాను అన్నారు. సంచిలోని బెల్లపు ఉండలు ఒక్కొక్కటే తీసి తినడం మొదలెట్టారు. తింటున్న కొద్దీ సంచిలో బరువు తగ్గుతూ, మనిషిలో బరువు పెరుగుతూ వచ్చింది. లవం తగ్గి హారం పెరగడం నేను కళ్ళారా చూసింది అప్పుడే.

మిగతావాళ్ళం పడుతూ లేస్తూ వెళ్ళాం. సంచి మాత్రం ఎవరికీ బరువనిపించలేదు, ఎందుకంటే సొంత ఒళ్ళే ఎవరికీ కదలడం లేదు. చిన్నాలమ్మ నడుముకి రాళ్ళు, వీపుకి సంచి వేసుకుని ముందుకు పోవడం, వెనక్కి వచ్చి ఒక్కొక్కరికీ చెయ్యి అందించి లాగడం, మళ్ళీ ముందుకు పోవడం చేసింది. పట్టీ ఒరుసుకుని నడుము మీద చీర ఎర్రబడింది. తీసెయ్యమని ఎవరమూ అనలేదు. ఆవిడా తియ్యలేదు.

జాకరమెట్ట దగ్గరికి వచ్చేసరికి మంచు పట్టి, సన్నగా జల్లు మొదలైంది. నాచు పట్టిన రాతి మీద డైరెక్టరు గారి కాలు జారింది. ఆయన పడ్డ తీరూ, పెట్టిన కేకా చూడగానే కాలు విరిగిందని అందరికీ తెలిసిపోయింది. ఎముక చర్మంలోంచి పొడుచుకొచ్చి రక్తం కారుతోంది. ఫోను పలకదు. రోడ్డు చూద్దామంటే కొండ దిగువన ఎక్కడో ఉంది. మాలో ఎవరికీ మా ఒళ్ళు మేము మోసుకునే ఓపికే మిగల్లేదు.

చిన్నాలమ్మ గూడెం వైపు తిరిగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూత వేసింది. కొంతసేపటికి బొంజుబాబూ, ఇంకో ఇద్దరూ పొడవాటి కర్ర పట్టుకుని వచ్చారు. ఆ గూడెంలో పురిటి నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా మనిషిని డోలీలో వేసుకుని రోడ్డు దాకా మోసుకుపోవడమే. అది వాళ్ళకు అలవాటైన పని. మా కంబళిని కర్రకు కట్టి డోలీ చేశారు. మిగతా మగవాళ్ళు సంతకు దిగిపోయారట. నాలుగో భుజం కావాలి. చిన్నాలమ్మ సంచి తీసి నా చేతికిచ్చి, నడుము పట్టీ విప్పబోయింది.

నేను ఆగమన్నాను. పట్టీ తీస్తే బరువు తగ్గిపోతుందనీ, నిబంధన తప్పినట్టవుతుందనీ, పోస్టు విషయం మరిచిపోవద్దనీ చెప్పాను. ఆవిడ మంచికోరే చెప్పాను.

ఆవిడ ఒకసారి డోలీలో మూలుగుతున్న డైరెక్టరు గారి వైపు చూసింది. "ముందు సారుగారి కాలు సూడండి బాబూ" అంది. "తర్వాత మీరేటి రాస్తారో రాసీండి." రాళ్ళ పట్టీ విప్పి పొద కింద పెట్టి, కర్ర కిందికి భుజం దూర్చింది.

రోడ్డు చేరేసరికి చీకటి పడింది. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీసెయ్యాల్సి వచ్చేదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. డైరెక్టరు గారు అందరి ఎదుటా చిన్నాలమ్మ రెండు చేతులూ పట్టుకుని, నీ పోస్టు నా పూచీ అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

తరవాత ఫైలు వచ్చింది.

లలితశంకరం గారి నోటు చక్కగా ఉంది. గెమ్మెలి చిన్నాలమ్మ దారి మధ్యలో దేహపూరక శిలలు విసర్జించడం వల్ల ఆమె శరీర బరువు నలభై నాలుగు కిలోలకు పడిపోయింది. అట్టి స్థితిలో ఆమె మోయదగిన బరువు నాలుగు కిలోల నాలుగు వందల గ్రాములు. డోలీలో ఆమె వాటాకు వచ్చిన డైరెక్టరు గారి బరువు ఇరవై అయిదు కిలోల పైచిలుకు. ఇది అనుమతించిన దానికి సుమారు ఆరు రెట్లు. పైగా పదహారు కిలోల ప్రభుత్వ శిలలను కొండ మీద వదిలివేసి, వాటిని కొండరాళ్ళతో కలిసిపోనిచ్చింది. ఇప్పుడు వాటిని గుర్తుపట్టి వెనక్కి తేవడం కూడా సాధ్యం కాదు.

నేను ఆ ఫైలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. డైరెక్టరు గారు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని చదివి, చాలా నొచ్చుకున్నారు. ఏదైనా దారి చూడవయ్యా గురునాథం అన్నారు. నేను దారి చూసే ఉంచాను. శరీరాన్ని అంటిపెట్టుకుని ఉన్నదంతా శరీరమే అని మనం లోగడ తీర్మానించి ఉన్నాం. డోలీ చిన్నాలమ్మ భుజాన్ని అంటిపెట్టుకుని ఉంది, డోలీలో డైరెక్టరు గారున్నారు. కనుక రోడ్డు చేరేదాకా డైరెక్టరు గారిని చిన్నాలమ్మ శరీరంలో భాగంగా పరిగణిస్తే, ఆవిడ బరువు అరవై దాటుతుంది, మోత అన్నదే ఉండదు, పోస్టు ఇవ్వడానికి ఏ అభ్యంతరమూ లేదు. నా సర్వీసులో ఇంత మంచి నోటు నేను రాయలేదు.

డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. మడిచి నా చేతికిచ్చేశారు.

"నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదయ్యా. కానీ ఒక గెజిటెడ్ అధికారి దినకూలీ శరీరంలో భాగం కావడం సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు. రేపు నా పెన్షను ఆగుతుంది" అన్నారు.

నిజమే అనిపించింది. ఆయన లలితశంకరం గారి నోటు మీదే సంతకం పెట్టారు.

మొదటినుంచి చివరిదాకా నిబంధనలన్నీ పాటించినవారు ఎవరా అని చూస్తే, నడిచినవాళ్ళందరి పుష్టీ దారిలోనే తరిగి లెక్క తప్పగా, బండ మీద కూర్చున్న సింహాద్రప్పడు గారొక్కరే తేలారు. బెల్లం కొట్టు వదిలి రాలేనని ఆయన తన బావమరిదిని సూచించారు. బావమరిది నూట పన్నెండు కిలోల మనిషి, మర్యాదస్తుడు. దారి తెలియదు గానీ, నేర్చుకుంటానని రాసిచ్చాడు. పర్మినెంటు ఉత్తర్వు నేనే టైపు చేశాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. శిబిరంలో ఎక్కువ తిన్నందువల్ల కావచ్చని మా ఆవిడ అంది. కాదని నాకు తెలుసు.

కొన్నాళ్ళ తరవాత స్ప్రింగు త్రాసుకు ముద్ర వేయించుకు రావడానికి తూనికలు కొలతల ఆఫీసుకు బయల్దేరి, బస్సు కోసం కాంప్లెక్సులో నిలబడ్డాను. రాజమండ్రి బస్సు ఆగే చోట చిన్నాలమ్మా, బొంజుబాబూ, కుమారీ కూర్చుని ఉన్నారు. చూడనట్టు పక్కకి తిరుగుదామనుకున్నాను. ఈలోపే ఆవిడ లేచి దగ్గరికొచ్చి, సారుగారి కాలు ఎలాగుందని అడిగింది. బాగానే ఉందనీ, కర్ర పట్టుకుని నడుస్తున్నారనీ చెప్పాను. మంచిదండి అంది. పోస్టు ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో నేను ఎప్పటినుంచో తయారు చేసుకునే ఉన్నాను, అది అలాగే ఉండిపోయింది.

నా చేతిలో త్రాసు చూసి ఆవిడ నవ్వింది. చంకలో మూట తీసి ముందుకు చాపింది. "తూసీండి బాబూ. అలవాటైపోనాది."

వద్దంటే బాగుండదని కొక్కేనికి తగిలించాను. ఇంటిల్లిపాదికీ కలిపి అదొక్కటే మూట. రెండు దుప్పట్లు, మూడు పళ్ళేలు, ఒక గిన్నె, ఇంత బియ్యం. ముల్లు నాలుగు దాటి రెండు గీతల దగ్గర ఆగింది. ఇంతేనా అన్నాను. అంతేనండి, పిల్ల పుస్తకాలు బరువని స్టోరు గదిలోనే ఒగ్గీసి వచ్చాం అంది. కుమారి ఖాళీ బడి సంచి భుజాన వేసుకుని నా వైపే చూస్తోంది.

బస్సు వచ్చింది. వాళ్ళెక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని లెక్క చూసుకున్నాను. మనిషి నలభై నాలుగు, మూట నాలుగు కిలోల రెండు వందలు. పదోవంతు లోపే ఉంది. ఆఫీసుకు తిరిగొచ్చి, పథకం ఫలితాలు అని పైవాళ్ళు అడిగిన చోట ఆవిడ పేరే రాశాను. రాళ్ళు లేకుండా, బెల్లం లేకుండా, ప్రభుత్వం మీద నయాపైసా భారం పడకుండా నిబంధన నెరవేరిన మనిషి మా జిల్లా మొత్తానికి ఇంతవరకూ ఆవిడొక్కతే.